కుప్పమ్మ జోల

తిరుపతి,
12 నవంబరు 1983

వదినకు,

నేను బాగానే ఉన్నాను. ఇది మర్యాద కోసం రాసిన మాట కాదు, నిజంగానే బాగున్నాను. కాస్త చిక్కానంతే. గోవిందరాజస్వామి గుడి వెనక సందులో ఒక గది తీసుకున్నాను. సాయంత్రాలు పిల్లలకు హార్మోనియం నేర్పుతాను. వాళ్ళు వెళ్ళిపోయాక నా పాటలు నేను రాసుకుంటాను. పక్క గదిలో పూలు కట్టే ఆమె ఉంది. నేను ఒకే చరణాన్ని పదిసార్లు పాడుకుంటుంటే, "ఇంగా సరిగ్గా రాలేదా పాపా?" అని గోడ అవతల నుంచి అడుగుతుంది.

పెళ్ళిళ్ళకు పిలుస్తున్నారు. కానీ సినిమా పాటైనా పాడమంటారు, దేవుడి పాటైనా పాడమంటారు. మొన్న ఒక పెళ్ళిలో ధైర్యం చేసి నేను రాసిన పాట పాడాను. పెళ్ళికొడుకు మేనమామ లేచి వచ్చి, "యే సినిమాలోదమ్మా ఇది?" అన్నాడు. నాదేనండీ అన్నాను. "అట్లనా! ఇంగా రిలీజు కాలేదా?" అన్నాడు. నవ్వొచ్చింది. గదికి వచ్చాక మాత్రం నవ్వు రాలేదు.

చిత్తూరు బడిలో మ్యూజిక్ టీచర్ ఉద్యోగం వదిలేసిన రోజు అన్న అన్న మాటలు నాకింకా చెవుల్లోనే ఉన్నాయి. "బళ్ళో పాట చెప్పుకుంటే టీచరమ్మ అంటారు. ఊర్లమ్మట పాడుకుంటా తిరిగితే ఏమంటారో నా నోటితో చెప్పించొద్దు. ఆ పని మానేదాకా ఈ గడప తొక్కొద్దు" అన్నాడు. మానలేదు కాబట్టి తొక్కడం లేదు. అందుకే ఈ ఉత్తరాలు.

అసలు సంగతి ఇది. ఇక్కడ మునస్వామి అని క్యాసెట్ల అంగడి ఆయన ఉన్నాడు. నా పాటలు విన్నాడు. బాగున్నవి ఏరి మద్రాసులో రికార్డు చేయించి క్యాసెట్ వేస్తానన్నాడు. నా పాటలతో క్యాసెట్, వదినా! అందులో ఒక జోలపాట ఉండాలని నాకు మనసైంది. అడగకూడనిది అడుగుతున్నాను, కోప్పడకు. నువ్వు నీ బిడ్డను ఉయ్యాల్లో వేసి పాడే జోల. అది నువ్వే కట్టుకున్న పాట. రాగం నాకు గుర్తుంది. మాటలు సగం గుర్తున్నాయి, సగం లేవు. ఇష్టం లేకపోతే ఈ ఉత్తరం అందనే లేదనుకో.

నీ ఆడబిడ్డ,
జ్ఞానాంబ

*

చిత్తూరు,
2 డిసెంబరు 1983

జ్ఞానాకు వదిన ఆశీర్వదించి రాయడం.

ఇంట్లో అందరూ తిరుగుతూనే ఉన్నారు. అత్తకు మోకాళ్ళ నొప్పులు, మీ అన్నకు బెల్లం మండీ, నాకు ఆ ఇద్దరూ. నీ ఉత్తరం చదివి ఏడ్చాను. కోపంతో కాదులే. దాని గురించి నన్ను ఎవరైనా ఒక మాట అడిగి మూడేళ్ళు దాటింది.

నువ్వప్పుడు తిరుపతిలో చదువుతున్నావు, దానికి పేరు పెట్టడం చూడలేదు. నాకు అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు కదా. అందుకని ఇది పుట్టగానే అత్త చేటలో పెట్టించి, పెరట్లో పేడకుప్ప మీద పడుకోబెట్టించింది. పక్కింటి నాగులమ్మవ్వ ఏమీ ఎరగనట్టు వచ్చి, "ఎవురిదబ్బా ఈ బిడ్డ? ఎవురికీ అక్కర్లేదా?" అంటూ ఎత్తుకుంది. నేను చేటెడు తవుడిచ్చి ఆమె దగ్గర బిడ్డను కొనుక్కున్నాను. కుప్ప మీద దొరికింది కాబట్టి కుప్పమ్మ. ఆ పేరు విని చావు కూడా ఛీ అనుకుని పక్కింటికి పోవాలని మన ఆశ. పోలేదు. నడక వచ్చీరాని వయసులో జ్వరానికి పోయింది.

పసిబిడ్డ కాబట్టి పూడ్చిపెట్టారు. పెద్దవాళ్ళకైతే తద్దినం ఉంటుంది, ఆ రోజైనా పేరు చెబుతారు. దీనికి అదీ లేదు. ఫోటో తీయించలేదు. అత్త గట్టిగా చెప్పేసింది. "ఆ పేరు ఇంట్లో ఎత్తొద్దు. ఎత్తితే పొయ్యిన బిడ్డ గుమ్మం కాడే తిరగతా ఉంటాది, ఇంగో బిడ్డను రానీదు" అని. ఒకసారి పొరబాటున నా నోట వచ్చింది. మీ అన్న అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోయారు. చెయ్యి కూడా కడుక్కోలేదు. ఆనాటి నుంచి నేనూ ఎత్తలేదు.

ఇదిగో పాట.

కుప్పలోన దొరికినావు కుప్పమ్మ జోజో
చేటెడు తవుడిచ్చి తెచ్చుకొంటి జోజో
చూసేవాళ్ళు ఛీయని మొగము తిప్పనీ జోజో
ఎత్తుకుపోయేవాడు నిన్ను ఎరగకుండ పోనీ జోజో

బెల్లమొద్దు పాలొద్దు బొమ్మలొద్దు అంటావు
అమ్మ కొంగు నోటబెట్టి ఆవలించి చూస్తావు

రాస్తుంటే నోరు దానంతటదే పాడేసింది. అత్త వచ్చి, "ఏమి గొణగతా ఉండావు?" అంటే, చాకలికి వేసిన బట్టలు గుర్తు చేసుకుంటున్నానన్నాను. బాగా తిను. గొంతుకు బలం అన్నమే.

నీ వదిన,
శకుంతల

*

తిరుపతి,
10 ఫిబ్రవరి 1984

వదినకు,

పాట అందిన రోజే హార్మోనియం మీద పెట్టుకున్నాను. గోడ అవతల పూల ఆమె ఆ రోజు ఏమీ అడగలేదు. మరుసటి రోజు పొద్దున, "నిన్న పాడిందానికి మాత్రం ఏమీ మార్చొద్దు" అంది.

మునస్వామి మాత్రం మార్చమంటున్నాడు. నా పాటలన్నీ మళ్ళీ వినిపించాను. బస్సులో కూరగాయల గంపలతో వచ్చే ఆడవాళ్ళ పాట వద్దన్నాడు. వానలు లేని ఏడాది మీద రాసింది వద్దన్నాడు. ఏది వినిపించినా, "యాత్రికులు కొనరమ్మా" అంటాడు. చివరికి జోల పాడితే కళ్ళు మూసుకుని విన్నాడు. నా ప్రాణం లేచి వచ్చింది. అప్పుడన్నాడు.

"రాగం బాగుండాదమ్మా. రాగానికేమీ కొదవ లేదు. అయితే కుప్పమ్మ ఏందమ్మా, కుప్పమ్మ? తిరపతికి వచ్చినోళ్ళు కొండకు పొయ్యి, గుండు కొట్టించుకోని, దిగొచ్చి క్యాసెట్టు కొనేది దేనికి? ఇంటికి పొయ్యి కుప్పమ్మను యినేదానికా? ఆడ గోవిందా అని పెట్టు. మిగతాది నేను సూసుకుంటా."

కుప్పలోన దొరికినావు కుప్పమ్మ అన్నచోట, కొండపైన దొరికినావు గోవింద అనాలట. తవుడు తీసేసి తులసిమాల పెట్టాలట. ఇది ఒప్పుకుంటే క్యాసెట్, లేకపోతే లేదు. ఆ రోజు పోట్లాడి వచ్చేశాను. తర్వాత నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. ఆ పేరు వింటే అన్న అన్నం ముందు నుంచి లేచిపోతాడన్నావు. అమ్మ ఆ పేరు ఎత్తనివ్వదన్నావు. ఇంట్లో ఎవరూ పలకలేని పేరును అంగడి అంగట్లో మైకులో మోగిస్తే మీకందరికీ పుండు మీద కారం చల్లినట్టే కదా అనిపించింది. దేవుడి పేరైతే ఎవరికీ నొప్పి ఉండదు. నీ బిడ్డ పాట దేవుడికి చేరినట్టూ ఉంటుంది.

నీకు వద్దనిపిస్తే వెంటనే రాయి. మార్చిలో మద్రాసు పోతున్నాం. ఆ లోపల జవాబు రాకపోతే సరేనన్నావని అనుకుంటాను.

జ్ఞానాంబ

*

చిత్తూరు,
6 ఏప్రిల్ 1984

జ్ఞానా,

మా అమ్మ బావి దగ్గర జారిపడి కాలు విరగ్గొట్టుకుంటే మా ఊరు పోయాను. ఉగాది అయ్యాక తిరిగొచ్చాను. వచ్చి చూస్తే నీ ఉత్తరం కిటికీ మీద, దానిమీద మీ అన్న కళ్ళజోడు పెట్టె. అందుకే ఆలస్యం. మద్రాసు ప్రయాణం నీ మాట మీద ఆగి ఉంటుందని నమ్ముతున్నాను. నువ్వు పంతం పడితే ఎట్లా ఉంటావో నాకు తెలియదా? మీ అన్నంతటి మనిషినే కాదని వెళ్ళినదానివి, ఒక అంగడాయన నీకొక లెక్కా!

పేరు మార్చొద్దు. గోవిందుడికి పాటలకు ఏం తక్కువ? ఊరూరా ఉన్నాయి. నా బిడ్డకు ఉన్నది ఇదొక్కటే. ఇంట్లో ఎత్తకూడదు కాబట్టే బయట వినబడాలి. నాకు నొప్పి అని నువ్వు అనుకున్నావు. నొప్పే. ఆ నొప్పి కూడా లేకపోతే అది ఉండిందని నాకేం గుర్తు మిగులుతుంది చెప్పు?

ఇంకో విశేషం. మీ అన్న టేపురికార్డరు కొని తెచ్చారు, రేడియో కూడా ఉంది అందులో. "మండీలో వార్తలు యినేదానికి" అన్నారు. మండీకి మాత్రం తీసుకుపోలేదు. మంచం పక్కనే పెట్టుకున్నారు. నీ క్యాసెట్ వస్తోందని ఎవరో చెప్పినట్టున్నారు. అడిగితే మీసం దువ్వుకుంటారు. నీ మీద కోపం కరిగిందేమో. అత్త ఆ టేపురికార్డరుకు పసుపు, కుంకుమ పెట్టి దండం కూడా పెట్టుకుంది. పక్కింటి మునిలక్ష్మి రోజూ వచ్చి, మీ ఆడబిడ్డ పాట వచ్చిందా అని అడుగుతోంది. ఆమెకిప్పుడు అయిదో నెల. త్వరగా పంపు తల్లీ, ఇక్కడ నాకు ఓపిక లేదు.

నీ వదిన,
శకుంతల

*

తిరుపతి,
20 మే 1984

వదినా,

నీ ఉత్తరం అందింది. మీ అమ్మగారి కాలు నయమవుతుందని ఆశిస్తాను.

క్యాసెట్ పంపుతున్నాను. వచ్చి వారమైంది. అట్ట మీద వెంకటేశ్వరస్వామి బొమ్మ పెద్దగా ఉంటుంది, నా పేరు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇక్కడ బాగా పోతోంది. అలిపిరి దగ్గర, బస్టాండులో, హోటళ్ళలో అదే పాట. నడిచి వెళ్తుంటే నా గొంతు నాకే ఎదురొస్తోంది.

ఒక్క మాట. ముందు నువ్వొక్కదానివే విను. అన్న ఇంట్లో లేనప్పుడు విను. విన్నాక నాకు ఏమనాలనిపిస్తే అది అను.

జ్ఞానాంబ

*

చిత్తూరు,
9 జూన్ 1984

జ్ఞానాంబకు,

ఒక్కదాన్నే వినమన్నావు. ఆ పేరు విని మీ అన్న ఎక్కడ మండిపడతారోనని భయపడి అట్లా రాశావనుకున్నాను. అందుకే కావాలనే ఆయన ఉన్నప్పుడు పెట్టాను. మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నారు. కంచంలో వడ్డించి, టేపురికార్డరు దగ్గరికి జరిపి, మీట నొక్కాను. లేచిపోతే పోనీ, ఒకసారి చెవిన పడితే చాలు అనుకున్నాను.

మొదట హార్మోనియం. తర్వాత నీ గొంతు. తర్వాత గోవింద.

ఎక్కడైనా ఒక్కచోటైనా ఉంటుందేమోనని చివరిదాకా విన్నాను. లేదు. తవుడు లేదు, చేట లేదు. బెల్లం వద్దు, పాలు వద్దు అన్న మాటలు మాత్రం ఉన్నాయి. నా బిడ్డ మారాం చేస్తే నేను కట్టిన మాటలవి. అవి ఇప్పుడు దేవుడు చేసే మారామైపోయాయి. అత్త చేతులు జోడించింది. మీ అన్న అన్నం కలపడం ఆపి, ఎడమ చేత్తో సౌండు పెంచారు. అయిపోయాక, "ఇంగోసారి పెట్టు" అన్నారు. "బాగుండాది. జ్ఞానాను ఒకసారి వచ్చిపొమ్మని రాయి" అన్నారు. ఆయన అన్నం ముందు నుంచి లేవలేదు. లేవాల్సిన అవసరమేముంది?

రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. నీకు పుట్టింటి తలుపు తెరుచుకుంది. రావచ్చు. నా బిడ్డకు ఉన్న ఒక్క తలుపూ మూసి వస్తున్నావు.

నేను వద్దని రాసిన ఉత్తరం నీకు అందింది. అందిందని నువ్వే రాశావు. క్యాసెట్ అప్పటికే అయిపోయి ఉంటే, అయిపోయింది వదినా అని ఒక్క మాట రాయడానికి నీకు చెయ్యి రాలేదు. అదే నాకు ఎక్కువ బాధ. ఇక నాకు రాయొద్దు.

శకుంతల

*

తిరుపతి,
18 డిసెంబరు 1984

వదినా,

రాయొద్దన్నావు. అయినా రెండు రాశాను. నువ్వు జవాబివ్వలేదు. ఇది మూడోది. దీన్ని మాత్రం చించకుండా చదువు. ఇందులో నా సంజాయిషీ లేదు.

నువ్వన్నది నిజం. నీ ఉత్తరం వచ్చేసరికి రికార్డింగ్ అయిపోయింది. ఆ మాట రాయాలని కూర్చున్నాను, రాయలేకపోయాను. నీ కోసమే మార్చానని నాకు నేనే చెప్పుకున్నాను. కొంత నీ కోసమే, వదినా. కొంత నా పాట మోగాలన్న ఆశ. ఏది ఎంతో ఇప్పుడు నేనే విడదీసి చెప్పలేను. మునస్వామి దగ్గరికి వెళ్ళి, ఇంకోసారి పేరుతో రికార్డు చేద్దామని బతిమాలాను. పాట ఆయనకు రాసిచ్చానట. సంతకం పెట్టించుకున్నప్పుడు నేను సంతోషంలో చదవనేలేదు. ఆ మాటలు మార్చి ఎక్కడైనా పాడితే నోటీసు ఇస్తానన్నాడు. పైగా ఇంకో క్యాసెట్ చేద్దామంటున్నాడు. అన్నీ జోలలేనట, ఒక్కో దేవుడికి ఒక్కోటి. "ఈసారి నీ పేరు పెద్దక్షరాల్లో ఏస్తా" అన్నాడు. అబద్ధమెందుకు, ఒక రోజంతా ఆ పెద్దక్షరాలే కళ్ళముందు కనిపించాయి.

నిన్న అన్న వచ్చాడు. పాకాలలో బండి ఆలస్యమైందని విసుక్కుంటూ, చేతిలో బెల్లం దిమ్మతో గుమ్మంలో నిలబడ్డాడు. ఏడాది దాటింది చూసి. లోపలికి వచ్చి హార్మోనియం చుట్టూ తిరిగి చూశాడు గానీ ముట్టుకోలేదు. నేను ఏమీ అడగకుండానే అన్నాడు.

"అది మా బిడ్డ పాట అని నాకు తెలీదనుకున్న్యావా జ్ఞానా? మీ వదిన ఉయ్యాల ఊపతా పాడతా ఉంటే, తలుపు అవతల నిలబడి ఎన్ని దినాలు విన్న్యానో! గోవిందా అన్నచోటల్లా నాకు దాని పేరే యినపడతాది. ఆ పేరే ఉన్నింటే ఆడ కూచోలేను. తీసేసినావు గాబట్టి కూచోని యింటా ఉండా. దినామూ యింటా ఉండా."

వదినకు చెప్పకపోయావా అన్నాను.

"సెప్పొద్దు. నువ్వూ సెప్పొద్దు. ఆమె మరిచిపొయ్యినట్టుండాది. నెమ్మదిగా ఉండాది. మళ్ళా కెలికేది దేనికి?"

చెప్పొద్దన్న మాట నీకు చెప్పేశాను. ఇంకోసారి నీ దగ్గర దాచలేను.

జ్ఞానాంబ

*

చిత్తూరు,
7 జనవరి 1985

జ్ఞానా,

మరిచిపోయినట్టుందా నాకు?

ఆ మాట దగ్గర ఉత్తరం మడిచి పక్కన పెట్టేశాను. రెండు రోజుల తర్వాత మళ్ళీ తీశాను. నన్ను నెమ్మదిగా ఉందనుకుంటున్నారట! ఆయన అన్నం ముందు నుంచి లేచిపోతారని నేను నోరు కట్టుకుంటే, నేను మరిచిపోయానని ఆయన నోరు కట్టుకున్నారు. ఒకే మంచం పక్కన ఆ టేపురికార్డరు. రోజూ అదే పాట. ఆయన ఒక పేరు వింటున్నారు, నేను ఆ పేరు లేకపోవడాన్ని వింటున్నాను. ఇది నాతో అనాల్సిన మాట. రైలెక్కి పోయి నీతో అన్నారు. నాకు సంతోషం కలిగిందనుకోకు. ఒళ్ళు మండింది.

నువ్వు అడగకపోయినా ఇంకోటి చెబుతాను. కిందటి ఆగస్టులో మునిలక్ష్మి బిడ్డను ఉయ్యాల్లో వేశారు. పేరంటాళ్ళంతా నీ క్యాసెట్ పెట్టుకున్నారు. కరెంటు పోయింది. "మీ ఆడబిడ్డ పాటే గదా, శకుంతలమ్మా నువ్వు పాడు" అన్నారు. ఉయ్యాల తాడు నా చేతికిచ్చారు. తాడు పట్టుకున్నానా, నోట కుప్పమ్మ వచ్చేసింది. ఆపలేకపోయాను. ఒక చరణం అయ్యింది. మునిలక్ష్మి తల్లి వచ్చి ఉయ్యాల్లోంచి బిడ్డను తీసుకుని లోపలికి పోయింది. ఉప్పు తిప్పి నిప్పుల్లో వేసిన వాసన నాకు వాకిట్లోకి వచ్చింది. ఆ తర్వాత మునిలక్ష్మి మా ఇంటికి రాలేదు. తప్పు ఆమెది కాదులే, పచ్చి బాలింత.

నా బిడ్డ పేరు నా ఇంట్లో పనికిరాదు, పక్కింట్లో పనికిరాదు, నీ క్యాసెట్లో పనికిరాదు. మరెక్కడ పెట్టమంటావు దాన్ని?

నాకు ఇంకో క్యాసెట్ పంపొద్దు. క్షమించమని రాయొద్దు. ఆ పాటను ఆ పేరుతో నలుగురి ముందు ఒకసారి పాడు. అది నీ చేత కాకపోతే, నా పాటలు నేనే రాసుకుంటాను అని చెప్పుకోవడం మానెయ్. దానికోసమేగా ఇల్లు వదిలి వెళ్ళావు?

శకుంతల

*

తిరుపతి,
10 జూన్ 1985

వదినా,

పాడాను.

నీ ఉత్తరం వచ్చాక నాలుగు నెలలు పట్టింది. రెండో క్యాసెట్‌కు సరేనని మునస్వామితో అనేశాను కూడా. అది కూడా నీకు తెలియాలి. ధైర్యవంతురాలిని అనుకోవద్దు.

గంగమ్మ జాతరకు మా సందు చివర పూలవాళ్ళూ కూరగాయలవాళ్ళూ కలిసి పందిరి వేశారు. గోడ అవతల ఆమె నా పేరు చెప్పింది. "గోవింద జోలపాట పాడిన పాప" అని మైకులో పిలిచారు. వేషాలు కట్టుకున్నవాళ్ళు, పొంగళ్ళు మోసుకొచ్చినవాళ్ళు, సందు నిండా జనం. ముందు వరసలో కుర్చీ వేయించుకుని మునస్వామి కూర్చున్నాడు. హార్మోనియం ఎత్తుకున్నాను. రాగం గుర్తుపట్టి జనం అప్పుడే చప్పట్లు కొడుతున్నారు. నువ్వు ఉయ్యాల తాడు పట్టుకున్నది తలుచుకున్నాను. కుప్పలోన దొరికినావు కుప్పమ్మ అన్నాను.

కుర్రాళ్ళు నవ్వారు. ఎవరో, "తప్పు పాడతా ఉండాది" అని అరిచారు. మైకు ఆయన నా వంక చూశాడు. ఆపలేదు. తవుడు, చేట, అన్నీ పాడాను. నువ్వు రాసిచ్చింది రాసిచ్చినట్టు. పాట అయ్యాక చప్పట్లు లేవు. ఇక దిగిపోదామని లేస్తుంటే, పందిరి గుంజ దగ్గర ఒక ముసలామె నిలబడింది. కరివేపాకు అమ్ముతుంది, రోజూ చూస్తాను. పేరు ఏనాడూ అడగలేదు.

"ఎవురమ్మా నీకు నా పాట చెప్పింది? నా పేరు కుప్పమ్మే" అంది. "నా ముందర ముగ్గురు పొయ్యినారంట. నన్ను కుప్ప మీద ఏసి తీసుకున్న్యారు. పెండ్లిలో కూడా ఈ పేరు సెప్పేదానికి మాయమ్మ సిగ్గుపడింది. పాటలో వస్తాదని ఎప్పుడూ అనుకోలేదు తల్లీ."

వెనక నుంచి ఇంకొకామె, "మా చిన్నమ్మ పేరు కుప్పమ్మ" అంది. పొంగలి కుండ పట్టుకున్న ఒకామె, "మా అత్త" అంది. ఎవరో, "మా పాప. పొయ్యింది" అని ఊరుకుంది. వదినా, మన జిల్లాలో ఇంతమంది కుప్పమ్మలు ఉన్నారని మనకు తెలుసు కదా! ఆ పేరు కొనేవాళ్ళు లేరని మునస్వామి చెబితే నేనెట్లా నమ్మాను? "మళ్ళా పాడు" అన్నారు. పాడాను. ఈసారి నాతో పాటు వాళ్ళూ పాడారు. మునస్వామి కుర్చీ అప్పటికి ఖాళీగా ఉంది.

ఆయన మాట తప్పలేదు. నోటీసు వచ్చింది. రెండో క్యాసెట్ లేదు. ఇంకో అంగడి ఆయన నన్ను తీసుకోడట, అప్పుడే కబురు పాకింది. పిల్లలకు హార్మోనియం చెప్పుకుంటున్నాను. మళ్ళీ మొదటికి వచ్చాను. భయంగా ఉంది, లేదని ఎట్లా అనను? కానీ నిన్న కరివేపాకు కుప్పమ్మ గదికి వచ్చి, వానలు లేని ఏడాది పాట పాడమని కూర్చుంది. చివరిదాకా విని వెళ్ళింది.

నువ్వు ఏమీ అనకపోయినా ఫరవాలేదు.

జ్ఞానాంబ

*

చిత్తూరు,
20 జూన్ 1985

నా జ్ఞానాకు,

ఇంట్లో అంతా చక్కబడిందనుకోకు. నేను చేసిన పనికి అత్త మూడు పూటలు నా చేతి అన్నం తినలేదు. ఇప్పుడు తింటోంది, మాట్లాడటం లేదు. మునిలక్ష్మి ఇంకా రావడం లేదు. నీ నోటీసు సంగతి మీ అన్న కోర్టు దగ్గర తెలిసిన వకీలును అడిగారట. ఏమన్నాడో నాకు చెప్పలేదు. మంచి మాట అయితే చెప్పేవారే.

నేను చేసిన పని ఏమిటంటే, నీ ఉత్తరం గట్టిగా చదివాను.

అది సరిగ్గా మధ్యాహ్నం అన్నం వేళకు వచ్చింది. మీ అన్న మొదటి ముద్ద కలుపుతూ, "ఏమి రాసింది?" అన్నారు. ఎప్పుడూ నీ ఉత్తరాలకు క్షేమమంట అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను. ఈసారి ఎదురుగా కూర్చుని మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టాను. కుప్పమ్మ అన్న మాట వచ్చింది. చదివాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ చదివాను. వంటింట్లోంచి అత్త, "ఏమే, మతి పొయ్యిందా నీకు?" అని కేక వేసింది. ఆపలేదు. కరివేపాకు ఆమె మాటలు ఆమె అన్నట్టే చదివాను. మీ అన్న కంచంలో చెయ్యి పెట్టి అట్లాగే ఉన్నారు. తల ఎత్తలేదు. ఇప్పుడు లేస్తారు, ఇప్పుడు లేస్తారు అని ఒక కన్ను ఆయన మీదే పెట్టి చివరిదాకా చదివేశాను.

లేవలేదు.

వీధిలో బడి పిల్లలు మధ్యాహ్నం బెల్లు కొట్టాక పోతున్నారు. కొత్త పలకలు, కొత్త సంచులు. ఆయన వాళ్ళ వంక చూస్తూ, "ఉన్నింటే ఈ యేడు బళ్ళో ఏసుండాల గదా" అన్నారు.

నాకు అర్థం కాలేదా? అయింది. అయినా ఆయన చేతనే అనిపించాలని, "ఎవుర్ని?" అన్నాను.

"కుప్పమ్మని" అన్నారు.

నేను లేచి మజ్జిగ పోశాను. ఆయన తిన్నారు.

కుప్పమ్మ తల్లి,
శకుంతల